గ్రామపరిశ్రమలు - గిట్టుబాటు లెక్క
(పఠనమందిర సభలో చదివిన ఉపన్యాసము)



గ్రామపరిశ్రమలను పొగడని వేదిక నేడు దేశమున లేదు. మంత్రులు పొగడుదురు, పండితులు పొగడుదురు, పట్టణవాసులమగు మనమును పండుగనాడు ఒక చేనేతబట్ట కట్టుకొని ఆ పొగడ్తలో పాలుపంచుకొందుము. కాని పొగడ్తతో పొయ్యి రాజదు. మగ్గపుగుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవానికిని, గానుగ నడుపువానికిని, సారె త్రిప్పువానికిని కావలసినది ఒక ప్రశ్నకు సమాధానము: "ఈ పని నాకు గిట్టునా, గిట్టదా?" ఆ ప్రశ్నను గూర్చియే నేడు మేము మాటలాడ దలచితిమి.

దీనికి లోకమున రెండు సమాధానములు వినబడుచున్నవి. గ్రామపరిశ్రమల కాలము తీరినదనియు, యంత్రము ముందు చేయి నిలువజాలదనియు, మిగిలినది జాలియే గాని వ్యాపారము కాదనియు కొందరందురు. గ్రామపరిశ్రమ దేశము యొక్క ఆత్మ యనియు, ఆత్మకు లాభనష్టములు లెక్కకట్టుట అల్పబుద్ధి యనియు మరికొందరందురు. ఒకరు నిరాశతోను, ఒకరు భక్తితోను మాటలాడుచున్నారు. ఇరుపక్షముల వారును చిట్టా ఆవర్జాలు విప్పి చూచినవారు కారు. లెక్క చూడని నిరాశయు కాకిలెక్కయే; లెక్క చూడని భక్తియు కాకిలెక్కయే.

గ్రామపరిశ్రమోద్యమమునకు లెక్క పరాయిది కాదు. 1934 డిసెంబరులో వార్ధాలో అఖిల భారత గ్రామపరిశ్రమల సంఘము పుట్టినప్పుడు గాంధీమహాత్ముడు దాని నిర్వహణభారమును అప్పగించినది కవికి కాదు, ఉపన్యాసకునికి కాదు; లెక్కల తనిఖీ నేర్చిన జె. సి. కుమారప్పకు. ఆయన లండనులో ఆ వృత్తిలో తరిఫీదు పొందినవారు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఆర్థికశాస్త్రము చదివినవారు. అదే సంవత్సరమున బీహారు భూకంప సహాయనిధి వ్యయమునకు కాపలాదారుగా నిలిచినవారును ఆయనయే. పైసకు పైస లెక్క చెప్పగలవాని చేతిలో గ్రామపరిశ్రమను పెట్టుటలో గొప్ప అర్థమున్నది. పేదవాని వ్యాపారమున పొరపాటునకు తావులేదు. ధనవంతుడు నష్టపడినచో ఆస్తి తరుగును. పేదవాడు నష్టపడినచో ఆ పూట కూడు తరుగును.

ఆ మరుసటి సంవత్సరము, అనగా 1935లో, మరియొక ముఖ్యవిషయము జరిగినది. రాట్నముపై నూలు వడకు స్త్రీకి అంతవరకు ముట్టుచున్న కూలి మిక్కిలి స్వల్పము. ఖద్దరు చౌకగా ఉండవలెనన్న కోరికతో ఆ స్వల్పమును ఎవరును ప్రశ్నింపలేదు. ఎనిమిది గంటల పనికి ఎనిమిదణాలు ముట్టవలెనని గాంధీజీ వాదించిరి. అంత ఒక్కసారి సాధ్యము కాకపోయినను, అఖిల భారత చరఖా సంఘము కనీసవేతన సూత్రము నంగీకరించినది. ఫలితముగా ఖద్దరు ధర పెరిగినది. అమ్మకము తగ్గునని భయపడినవారును కలరు. అయినను ఆ నిర్ణయము వెనుక నున్న న్యాయము నేటికిని చెల్లును. పనిచేసినవారి కూలిని లెక్కలో వ్రాయక చూపిన లాభము లాభము కాదు. అది వారి కడుపునుండి తీసిన అప్పు.

ఈ సూత్రమును చేతపట్టుకొని ఒక నేతయింటి లెక్కను చూతము. ఇందలి అంకెలు ఉదాహరణకై మేము వేసినవి. ఊరినిబట్టి, నూలునిబట్టి, బట్టనిబట్టి మారును. లెక్క నడచు తీరు మాత్రము ఎచ్చటనైనను ఇదియే.

ఒక పడుగునకు ఆరు చీరలు దిగుననుకొందము. అందుకు పదునైదు దినములు పట్టును. భర్త మగ్గముపై నేయును. భార్య కండెలు చుట్టి, పడుగు సరిచేసి, రంగుపని చూచుకొనును. నూలు, రంగులు కలిసి 4,800 రూపాయలు. షావుకారు చీర ఒక్కింటికి 1,500 రూపాయల చొప్పున ఆరు చీరలకు 9,000 రూపాయలిచ్చును. చూపునకు 4,200 రూపాయలు మిగిలినవి. ఇది చూచి, "పదునైదు దినములలో నాలుగువేలు మిగులుచుండగా గిట్టలేదందురేమి?" యని పట్టణవాసి ఆశ్చర్యపడును. ఆగుడు, లెక్క ఇంకను ముగియలేదు.

మొదటి పద్దు వడ్డీ. నూలు అరువునకు తెచ్చినది; నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీ. నేతకు అరనెల పట్టినది. చీరలిచ్చిన మూడు నెలలకు గాని డబ్బు చేతికి రాలేదు. మూడున్నర నెలల వడ్డీ 504 రూపాయలు. రెండవ పద్దు పనిముట్ల అరుగుదల. పన్నెలు మార్చవలెను, నాడెలు మార్చవలెను, మగ్గము బాగుచేయించుకొనవలెను. పడుగునకు 200 రూపాయలు వ్రాయుదము. ఇక మిగిలినది 3,496 రూపాయలు. మూడవ పద్దు ఖాళీ దినములు. వానకాలమున గుంటమగ్గములోనికి నీరూరును. ఒకప్పుడు నూలు దొరకదు. ఒకప్పుడు జ్వరము వచ్చును. సంవత్సరమునకు ఇరువది నాలుగు పడుగులు నేయవలసినవాడు ఇరువది నేయుననుకొందము. ఏడాదికి మిగులు 69,920 రూపాయలు. నెలకు 5,800 రూపాయల పైచిల్లర. ఇది ఒక్కనిది కాదు, ఇరువురిది. ఇరువది పడుగులకు ఇరువురి పనిదినములు ఆరువందలు. పంచి చూచినచో మనిషికి దినమునకు ముట్టునది సుమారు 116 రూపాయలు.

ఇది ఉదాహరణమే యైనను దేశపు స్థితి దీనికి దూరముగా లేదు. 2019-20 సంవత్సరపు చేనేత గణన ప్రకారము, చేనేత కుటుంబములలో సుమారు మూడింట రెండు వంతుల కుటుంబముల నెలసరి ఆదాయము 5,000 రూపాయలకు లోపు. 1995 గణనలో అరువది ఐదు లక్షలుగా నున్న చేనేతపనివారు 2009-10 నాటికి నలుబది మూడు లక్షలకును, 2019-20 నాటికి ముప్పది ఐదు లక్షలకును దిగిరి. ఇందు ఆశ్చర్యమేమున్నది? తండ్రి లెక్క వ్రాసికొనకపోయినను కుమారుడు మనసులో లెక్క వేసికొన్నాడు. మగ్గము విడిచి పట్టణమున కాపలాపనికో, కట్టడపుపనికో పోయినాడు. అతనిని నిందించు హక్కు మనలో ఎవరికిని లేదు.

ఈ స్థితికి మందుగా అందరును చెప్పునది ఋణము. "అప్పిండు, పరిశ్రమ బాగుపడును" అను మాట నూరేండ్లకు పైబడినది. 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినది. పరపతి గాక ఇతర పనులకును సంఘములు పెట్టుకొనుటకు 1912 చట్టము వీలిచ్చినది. అయినను 1951-52లో రిజర్వు బ్యాంకు చేయించిన గ్రామీణ పరపతి విచారణలో రైతు తెచ్చుకొను అప్పులో సహకార సంఘములది నూటికి మూడు వంతులు మాత్రమేయనియు, వడ్డీవ్యాపారులది డెబ్బది వంతులనియు తేలినది. 1992లో స్వయంసహాయక సంఘములను బ్యాంకులతో కలుపు ప్రయత్నము ఆరంభమైనది. తెలుగునాట పొదుపుసంఘముల స్త్రీలు దానిని దేశమునకు మాదిరిగా నిలిపిరి. అటుపిమ్మట చిన్నఋణముల ప్రైవేటు సంస్థలు గ్రామములలో ప్రవేశించి, ఒక్కొక్క యింటికి మూడు నాలుగు చోట్లనుండి అప్పులిచ్చి, వారము వారము వాయిదాలు వసూలుచేసినవి. వసూళ్ల ఒత్తిడి ప్రాణములమీదికి వచ్చినదన్న ఆక్రోశము చెలరేగగా, 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి ఆ వ్యాపారమునకు కళ్లెము వేసినది. 2015లో ముద్రా ఋణములు వచ్చినవి. పూచీ లేకుండ చిన్న వ్యాపారికి అప్పు పుట్టు మార్గమేర్పడినది.

ఈ చరిత్ర యంతయు మాకు ఒక పాఠము చెప్పుచున్నది. అప్పు గిట్టుబాటును పుట్టింపదు. ఉన్న గిట్టుబాటును పెంచగలదు, అంతియే. దినమునకు 116 రూపాయలు ముట్టు పనికి ఏబదివేల అప్పు తెచ్చినచో, ఆ పని బాగుపడదు; 116 రూపాయలలోనుండి వాయిదా పోవును. చిల్లికుండలో నీరు పోయువాడు బావిని నిందించి ఫలమేమి? మొదట చిల్లి యెచ్చటనున్నదో చూడవలెను.

మా లెక్కలో చిల్లులు మూడు కనబడుచున్నవి. మొదటిది ముడిసరకు. అరువునకు కొనువాడు ధర బేరమాడలేడు. నూలు ధర మిల్లు చేతిలోను, ఎగుమతి చేతిలోను ఉన్నది. నేతగాని చేతిలో లేదు. 1991లో నూలు ధర ఒక్కసారి పెరిగినప్పుడు తెలుగునాటి నేతపల్లెలనుండి ఆకలిచావుల వార్తలు వచ్చిన సంగతి పెద్దలు మరువలేదు. బట్టధర నెమ్మదిగా కదలును. నూలుధర ఒక్క రాత్రిలో కదలును. ఆ రెంటి నడుమ నలిగినది నేతగాని కూలి.

రెండవ చిల్లి కాలము. సరకిచ్చిన దినమునకును డబ్బు చేతికి వచ్చిన దినమునకును నడుమనున్న కాలము పేదవాని పెట్టుబడిని తినివేయును. ధనవంతుడగు వర్తకుడు మూడు నెలలు బాకీ పెట్టుటయనగా పేదవానివద్ద వడ్డీలేని అప్పు తీసికొనుటయే గదా! ఆ వడ్డీని పేదవాడు వేరొకచోట నూటికి మూడు చొప్పున చెల్లించుచున్నాడు. చిత్రమేమన, ఇందు ఊరిలో అప్పిచ్చువాడు పేదవాడు. అప్పు తీసికొన్నవాడు ధనికుడు.

మూడవ చిల్లి అంగడి. ఒక్క కొనుగోలుదారునిపై ఆధారపడినవానికి ధర చెప్పు స్వాతంత్ర్యము లేదు. ఆ ఒక్కడు షావుకారైనను, ప్రభుత్వ సంస్థయైనను ఫలితమొకటే. కొనుగోలు నిలిచిన నాడు మగ్గము నిలుచును.

ఈ చిల్లులు పూడ్చినచో ఏమగునో అదే లెక్కలో చూతము. పదుగురు కలిసి నగదుతో నూలు కొని, ధరలో పదవవంతు తగ్గించుకొన్నచో పడుగునకు 480 రూపాయలు మిగులును. నెలకు నూటికొక రూపాయి వడ్డీకి పెట్టుబడి దొరికి, చీరలిచ్చిన అరనెలకే డబ్బు వచ్చినచో వడ్డీ 504 నుండి 43 రూపాయలకు దిగును. చీరలను నేరుగా 1,800 రూపాయలకు అమ్మి, పెరిగిన మూడువందలలో సగము అమ్మకపు ఖర్చులకు పోయినను పడుగునకు 900 రూపాయలు నిలుచును. ఈ మూడును కలిసి ఏడాదికి 36,820 రూపాయలు. మొత్తము మిగులు 1,06,740 రూపాయలు. మనిషికి దినమునకు 178 రూపాయలు. కొత్త యంత్రము లేదు, కొత్త మగ్గము లేదు, ఒక్క గంట అధికముగా పనిచేయలేదు. అయినను రాబడి సగమునకు పైగా పెరిగినది.

కాని నిజము పూర్తిగా చెప్పవలెను. 178 రూపాయలును మనిషి బ్రదుకునకు చాలునది కాదు. ఇరువురికిని దినమునకు మూడేసి వందలు ముట్టవలెనన్నచో అదే చీర ధర 2,410 రూపాయలు కావలెను. ఆ ధరకు ఆ చీర కొనువారుందురా? మరమగ్గము ఒక్క దినములో పలు చీరలు నేసి చౌకగా అమ్ముచుండగా, అదే విధమగు సాదాబట్టతో పోటీపడు చేతిమగ్గము గెలువదు. కొన్ని రకములను చేమగ్గములకే ప్రత్యేకించుచు 1985లో చట్టమైనది. మొదట ఇరువది రెండు రకములుండగా 1996లో పదునొకటికి తగ్గించిరి. ఆ మిగిలినవానిని సైతము మరమగ్గములపై నేసి చేనేతయని అమ్ముట అంగళ్లలో అందరెరిగినదే. చట్టము కంచె వంటిది. కాపలా లేని కంచె పశువుల నాపదు.

కావున పరిశ్రమలన్నియు ఒక్కరీతిగా గిట్టునని చెప్పుట మోసము. చేయి చేయగలిగి యంత్రము చేయలేని పని గిట్టును. శ్రీకాకుళము జిల్లా పొందూరు నూలును చూడుడు. వాలుగ చేప దవడతో ప్రత్తిని శుభ్రపరచి వడకిన ఆ సన్ననూలు బట్టకు సాటియగు దానిని మిల్లు ఈయలేదు. అట్టి పనికి తగిన ధర అడుగుట న్యాయము, ఇచ్చుట విజ్ఞత. ముడిసరకు పుట్టినచోటనే నడచు పని గిట్టును. ఊరి పంటను ఊరిలోనే దంచి, ఆడి, ఎండబెట్టి అమ్మినచో రవాణా మిగులును, తవుడు, చెక్క పశువులకు మిగులును. కల్తీ భయమున్నచోట కండ్లయెదుట ఆడియిచ్చు గానుగ గిట్టును. అచ్చట కొనువాడు నూనెకే గాక నమ్మకమునకును ధర ఇచ్చుచున్నాడు. ఈ మూడింటిలో దేనికిని చెందని పనిని, కేవలము పాతదని చెప్పి, పేదవాని చేత చేయించుట దేశభక్తి కాదు. అట్టివానికి వేరొక పని నేర్పుటయే మేలు.

గిట్టుబాటుగా నడచిన దానికి నిదర్శనము తెలుగునాటనే కలదు. 1956లో నాటి కరీంనగరము జిల్లా ముల్కనూరులో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి పూనికతో ఒక సహకార గ్రామీణ పరపతి సంఘము వెలసినది. సహకార సంఘములనేకము కాగితములపై బ్రదికి కాగితములపైననే చచ్చిన దేశమున అది నిలిచినది. కారణమేమి? అది అప్పొక్కటే ఇచ్చి ఊరకుండలేదు. రైతునకు ఎరువు, విత్తనము సమకూర్చినది. పంటను కొని శుద్ధిచేసి అమ్మినది. అమ్మిన డబ్బులోనే అప్పు తీర్చుకొన్నది. పెట్టుబడి, ముడిసరకు, అంగడి ఈ మూడును ఒక్క గొడుగు క్రిందికి వచ్చినవి. మేము పైన చెప్పిన మూడు చిల్లులును ఒక్కసారి పూడినవి. 2000లో అదే ప్రాంతపు స్త్రీలు తమ స్వంత పాడిసహకార సంఘమును పెట్టుకొనిరి. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము, సర్కారు పెత్తనము లేకుండ సభ్యులే యజమానులుగా నడుపుకొను వీలు కల్పించినది. పాల వ్యాపారపు బలమంతయు ఒక్కదానియందున్నది. పోసిన పాలకు కొలత కండ్లయెదుట జరుగును. డబ్బు గడువు తప్పక ముట్టును. కాలమను చిల్లి అచ్చట లేదు.

ఇక మన వంతు చూతము. ఈ సభలో అంగళ్లవారున్నారు, కచేరీలలో పనిచేయువారున్నారు, ఉపాధ్యాయులున్నారు. "ధరలు మండుచుండగా పల్లెసరకునకు అధికధర మేమెక్కడనుండి తెత్తుము?" అని మీరడుగవచ్చును. మధ్యతరగతివాని సంచి ఎంత బరువో మే మెరుగుదుము. మేము మొదట అడుగునది అధికధర కాదు, సకాలమున ధర. ఇందుకు చట్టమును కలదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల చట్టము ప్రకారము, నమోదైన చిన్నపరిశ్రమనుండి సరకు తీసికొన్నవాడు ఒప్పందమున్నను నలుబది ఐదు దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెను. మించినచో రిజర్వు బ్యాంకు రేటునకు మూడింతల చక్రవడ్డీ ఈయవలెను. 2024 ఏప్రిలునుండి, గడువులోపల చెల్లింపని ఆ బాకీని చెల్లించిన సంవత్సరమున గాని ఆదాయపుపన్ను లెక్కలో ఖర్చుగా చూపుటకు వీలులేదు. కాని వర్తకునిపై ఫిర్యాదు చేసినచో రేపు సరకెవరు కొందురన్న భయము పేదవాని నోరు కట్టివేయుచున్నది. నోరులేనివాని పక్షమున చట్టము చదివి చెప్పువాడు కావలెను. పఠనమందిరములు పుట్టినది దినపత్రిక చదువుకొనుటకు మాత్రమే కాదు.

మీకు నాలుగు పనులు చెప్పి విరమింతుము. మీ అంగడిలో పల్లెసరకున్నచో బాకీ నెలలోపల తీర్పుడు. మీ ఇంట కొనవలసినది పండుగకొక్కసారి గాక ఏడాది పొడుగునను కొలదికొలదిగా కొనుడు. పనివానికి కావలసినది ఉప్పెన కాదు, కాలువ. ఈ మందిరమున వారమున కొకదినము నిర్ణయించి, చుట్టుపట్టు పల్లెల వృత్తిపనివారికి చిట్టా వ్రాయుటయు, నమోదు చేసికొనుటయు, బ్యాంకు దస్త్రములు నింపుటయు నేర్పుడు. నాలుగవది, సంఘములు పెట్టు ఉత్సాహవంతులకు: మొదట లెక్క వేయుడు, పిమ్మట జెండా ఎత్తుడు. ఇంటివారి కూలి, వడ్డీ, అరుగుదల, ఖాళీ దినములు, ఈ నాలుగు పద్దులను వ్రాయక ఏ యింటిని అప్పులోనికి దింపకుడు.

గ్రామపరిశ్రమ దేశమునకు ఆత్మయో కాదో తత్త్వవేత్తలు తేల్చుకొందురు గాక. అది లక్షలాది కుటుంబముల అన్నమని మేమెరుగుదుము. కూలి వ్రాసిన పిమ్మటను మిగులు కనబడిన పనిని మనము నిలుపుకొందము. కనబడని పనికి కారణము వెదకి, పూడ్చదగిన చిల్లిని పూడ్చుదము. పూడ్చరానిదైనచో ఆ మాటను పనివాని ముఖముననే చెప్పి, వాని బిడ్డకు వేరొక దారి చూపుదము. లెక్క వ్రాయునప్పుడు చేయి వణకరాదు. లెక్క చూచిన పిమ్మట హృదయము గట్టిపడరాదు.